ఆ సంగతి పిన్ని చెబుతుందిలే

తల్లీకూతుళ్ళు పడకగది సంగతులు మాట్లాడుకోవడం మన సంప్రదాయం కాదట. ఈ మాట అనేవాళ్ళు మన సంప్రదాయంలో ఒక్క పెళ్ళికైనా వెళ్ళి భోంచేసినట్టు కనబడరు. వెళ్ళి ఉంటే, మన ఇళ్ళల్లో ఆ సంగతి మాట్లాడని మనిషంటూ లేడని తెలిసేది. పంతులుగారు మాట్లాడతారు, పూలవాడు మాట్లాడతాడు, వీడియోవాడు మాట్లాడతాడు, వియ్యపురాళ్ళు పాట కట్టి మరీ మాట్లాడతారు. ఎవరూ ఏమీ చెప్పని మనిషి ఒక్కర్తే. పెళ్ళికూతురు.

పిల్ల పెద్దమనిషి అయిన రోజు నుంచే చూడండి. చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, ఫంక్షన్ హాలు మాట్లాడి, నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టిస్తారు. అందులో పిల్ల నిలువెత్తు ఫొటో, కింద వరసగా బాబాయిలూ మేనమామలూ, పై మూల నమస్కారం పెడుతూ ఎమ్మెల్యేగారు. ఆ పిల్ల ఒంట్లో వచ్చిన మార్పు నియోజకవర్గం మొత్తానికి తెలుసు. ఆ దారిన పోయే ఆటోవాళ్ళకీ తెలుసు. పిల్లకు మాత్రం ‘గెంతకు, దేవుడి గదిలోకి రాకు, మగపిల్లలతో మాటలు తగ్గించు’ అని మూడు ముక్కలు. ఇదెందుకొచ్చిందమ్మా అని అడిగితే ‘వెళ్ళి చదువుకో’. చదువుకుందామని సైన్సు పుస్తకం తీస్తే, సరిగ్గా ఆ పాఠం దగ్గరే మాస్టారు ‘ఇది మీరే ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీ తిప్పేస్తారు.

మాస్టార్ని అనడానికీ లేదు. బళ్ళలో లైంగిక విద్య మన సామాజిక, సాంస్కృతిక విలువలకు సరిపడదని 2009లో సాక్షాత్తూ రాజ్యసభ పిటిషన్ల కమిటీయే తేల్చింది. దానికి అధ్యక్షులు మన వెంకయ్యనాయుడుగారే. అంతకు ముందే, 2007లో, కౌమార విద్యా కార్యక్రమం మాకొద్దని కొన్ని రాష్ట్రాలు తలుపులు వేసుకున్నాయి. సరే, బడి ఇంటి మీదికి తోసింది. ఇల్లు పెళ్ళి దాకా వాయిదా వేసింది. పెళ్ళి మొగుడికి అప్పగించింది. మరి మొగుడికి ఎవరు చెప్పారు? అతగాడి ఫోను. ఇన్ని విలువలను ఇన్నేళ్ళు కాపాడి, చివరికి మన పిల్లల్ని మనం అప్పజెప్పిన గురువు అది.

అసలు ఘట్టానికొద్దాం. శోభనానికి ముహూర్తం నిమిషాలతో సహా కాగితం మీద రాసి ఇస్తారు. గది అలంకరణ ఈవెంటువాళ్ళ ప్యాకేజీలో భాగం: మల్లెలకు ఒక రేటు, ఆర్కిడ్లకు ఒక రేటు, మంచం మధ్యలో గులాబీ రేకుల లవ్ గుర్తు ఉచితం. పళ్ళెంలో కాజాలు పెట్టాలా, బొబ్బట్లు పెట్టాలా అని ఇద్దరు మేనత్తలు మాటామాటా అనుకుంటారు. ఈ హడావుడి అంతా సద్దుమణిగాక అమ్మకు గుర్తొస్తుంది, పిల్లకు ఏదో చెప్పాలి కదా అని. ‘ఒసేయ్, నువ్వు కాస్త చెప్పవే’ అని చెల్లెల్ని లోపలికి తోస్తుంది. పిన్ని తలుపు దగ్గరగా వేసి, పిల్ల జడలో పూలు సర్ది, ముసిముసిగా నవ్వి, ‘భయపడకమ్మా, అబ్బాయి చెప్పినట్టు విను, అంతా అదే తెలుస్తుంది’ అంటుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి ‘పాలు ఒలకబొయ్యకు’ అని ఒక సాంకేతిక సలహా కూడా జత చేస్తుంది. బయట అమ్మ, ‘చెప్పావా?’ ‘ఆఁ, చెప్పాను.’ ఇద్దరి గుండెల మీద బరువూ దిగిపోతుంది. ఇన్నేళ్ళ చదువూ, ఎంటెక్కూ, ఉద్యోగమూ ఉన్న పిల్లకు ఒంటి గురించి తల్లివైపు నుంచి అందిన విద్య మొత్తం అంతే.

నొప్పి పుడితే ఆగమనవచ్చని ఆ సిలబస్‌లో లేదు. ఇవాళ వద్దనిపిస్తే వద్దనవచ్చని లేదు. మంట పుడితే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలని లేదు. తనకూ బాగుండాలన్న మాటైతే, చెప్పే పిన్నికి కూడా ఎవరూ చెప్పలేదు. ఇవన్నీ చెబితే పిల్ల చెడిపోతుందని భయం. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి. పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యను భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కాదనే మినహాయింపు పాత ఐపీసీలో ఉండేది, కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ పదిలంగా ఉంది. అంటే ఆ పేరుతో చట్టం ఆ గదిలోకి రాదు. రాగలిగింది అమ్మ మాట ఒక్కటే. దాన్నీ మనమే గుమ్మం బయట నిలబెట్టాం.

ఇక సంప్రదాయం మాట. పద్దెనిమిదో శతాబ్దంలో, తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. అందులో రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. చేసి ఊరుకోదు. పిల్లకు ఆ రాత్రి గురించి విడమరిచి చెబుతుంది. అక్కడితో ఆగకుండా, పిల్లతో మెత్తగా మసలుకోమని కృష్ణుడికీ చెబుతుంది. మన పిన్నులు ఇన్ని తరాలుగా అల్లుళ్ళతో ఒక్క ముక్క అనలేకపోయారు, రాధ ఏకంగా దేవుడికే పాఠం చెప్పింది. ఆ కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఆడవాళ్ళు వినకూడని మాటలు ఆడదే రాయడమా అని అంతకు ముందే అభ్యంతరం చెప్పింది వీరేశలింగంగారు. వితంతువులకు పెళ్ళిళ్ళు చేయించిన మహానుభావుడు, ఆ పెళ్ళిళ్ళయ్యాక ఏం జరుగుతుందనుకున్నారో తెలీదు. చివరికి ప్రకాశం పంతులుగారు పూనుకుంటే గానీ నిషేధం తొలగలేదు. ఇంతకీ ఇందులో మన సంప్రదాయం ఏది? పళని రాసిందా, తెల్లవాడు తాళం వేసిందా?

పెళ్ళయిన మూడో నెలకు మౌనవ్రతం హఠాత్తుగా ముగుస్తుంది. ‘ఏమైనా విశేషమా?’ అని అమ్మ అడుగుతుంది, అత్తగారు అడుగుతుంది, పక్క వాటా ఆవిడ అడుగుతుంది, కూరలబండి ఆవిడ కూడా అడుగుతుంది. దారి గురించి ఒక్కరూ మాట్లాడరు, ఊరు చేరావా లేదా అని మాత్రం అందరికీ కావాలి. ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్ళీ బోలెడు ధారాళం: ‘ఆపరేషన్ చేయించేసుకో, పీడ వదులుతుంది.’ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి ఆ ఆపరేషన్ అయింది. మగవాళ్ళ ఆపరేషన్ల లెక్క నూటికి ఒకటి కూడా లేదు. ‘అల్లుడుగారూ, మీది పది నిమిషాల పని’ అనే అత్తగారు ఇంకా పుట్టలేదు మరి. ఆ మాట అనడానికి సిగ్గు, కూతురి పొట్ట కోయించడానికి లేదు.

మరి మాట్లాడుకోని తల్లీకూతుళ్ళకు ఇన్నేళ్ళూ ఎలా గడిచిందంటారా? విజయవాడ డాక్టర్ సమరంగారి పుణ్యం. వారపత్రికలో దశాబ్దాల పాటు ఆయన జవాబులు రాస్తే, పేరు రాయని అక్కచెల్లెళ్ళు ప్రశ్నలు పంపారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆ పేజీ అమ్మ చదివేది. అమ్మ పడుకున్నాక కూతురు చదివేది. ఇద్దరూ దాన్ని మళ్ళీ అదే పరుపు కింద, అదే మడత మీద పెట్టేవాళ్ళు. పరుపు ఒకటే, పేజీ ఒకటే, అనుమానాలూ ఒకటే. అయినా తీర్చింది మాత్రం ముక్కూమొహం తెలియని పరాయి మగాయన.

‘ఇప్పటి పిల్లలకు అన్నీ తెలుసండీ, మనమే నేర్చుకోవాలి’ అని నవ్వేస్తుంటారు కొందరు అమ్మలు. యూట్యూబులో ఈత చూసి గోదావరిలో దూకమని పిల్లను పంపిస్తారా? ‘మా అమ్మే నా బెస్ట్ ఫ్రెండ్’ అని మదర్స్ డేకి స్టేటస్ పెట్టే కూతుళ్ళూ తక్కువేం కాదు. ఆ స్నేహం చీరలూ, ఆడపడుచు మీద చాడీలూ, ఆవకాయ పాళ్ళ దాకానే. ఆ బెస్ట్ ఫ్రెండ్‌కు నెలసరి ఆగిపోయే వయసొచ్చింది. రాత్రుళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, నెల తిరక్కుండానే రెండోసారి, ఒక్కోసారి మూడోసారి. కూతురు అడిగిందా? అమ్మ చెప్పిందా? కూతురు అడగడానికి సిగ్గుపడింది, అమ్మ ఆ మాట ఎత్తడానికి సిగ్గుపడి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళింది. ఆయన తనకు తెలిసిన నర్సింగ్ హోముకు పంపించాడు. గర్భసంచి తీయించుకోవడంలో దేశంలో ముందు వరసలో ఉన్నవి మన తెలుగు రాష్ట్రాలేనన్న సంగతి వాళ్ళిద్దరికీ తెలీదు. ఇంకో డాక్టరమ్మను కూడా అడుగుదాం అనడానికి పక్కన ఎవరూ లేరు.

వారం తర్వాత కూతురికి ఫోను. ‘ఏం లేదే, గర్భసంచి తీసేశారు. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు.’ అల్లుడికి మాత్రం ముందే తెలుసు. ఇన్సూరెన్సు కాగితాలు నింపి పంపింది ఆయనే.