మోదుగపూలకు రంగెక్కని చక్రము

నేను సుదర్శనమును గాను. ఏ దేవుని వ్రేలిపైనను తిరుగలేదు, ఏ రక్కసుని శిరమును ఖండింపలేదు. 21 సెంటీమీటర్లకు ఇంచుక మించిన వ్యాసమును, 175 గ్రాముల తూకమును గల ప్లాస్టిక్ చక్రమును. నావంటి దానిని విసరి, దూరముననున్న గొలుసుల బుట్టలో వీలైనంత తక్కువ విసురులతో పడవేయు ఆటకు డిస్క్ గోల్ఫ్ అని పేరు. ఆ ఆటకు ఆద్యుడని పేరొందిన ఎడ్ హెడ్రిక్ 1976లో అమెరికాలో క్రీడాకారుల సంఘమును నెలకొల్పెను; 2002లో ఆయన కన్నుమూసిన పిమ్మట, ఆయన కోరికమేరకే చితాభస్మమును ప్లాస్టిక్కులో కలిపి మావంటి చక్రములను పోతపోసిరి. అంతటి వంశమున పుట్టియు, మహబూబాబాద్ జిల్లాలోని గంగారమునకు వచ్చునాటికి నేను ఒంటిమీద రంగన్నది ఎరుగని తెల్లనిదానను.

అమెరికాలో కొలువు చేయు యువకుడొకడు ఫాల్గుణమాసమున ఇంటికి వచ్చి, నన్ను పెట్టెలోనుండి తీసి అక్క కొడుకు చేతిలో నుంచెను. గొలుసుల బుట్ట అచ్చట దొరకదు గనుక ఇప్పచెట్టు కొమ్మకు వెదురుగంప నొకదానిని వ్రేలాడగట్టిరి. ఆట బాగుగనే సాగెను గాని, అప్పుడప్పుడే రాలుచున్న పాలిపోయిన ఇప్పపూల నడుమను, ఎండుటాకుల నడుమను పడిన నన్ను వెదకుటకే పొద్దంతయు పోవుచుండెను. నాకు రంగు వేయవలెనని బాలుడు నిశ్చయించుకొనుటకు కారణమిదియే.

కాముని పున్నమకు ఇంట మోదుగపూలు ఉడుకుచుండెను. బాలుడు నన్ను ఆ కాగులో వేసి, రాత్రియంతయు నాననిచ్చి, తెల్లవారి తీసి కడిగెను. వాని అరచేతులు రెండును బంగారువన్నెకు తిరిగినవి. నేను మాత్రము వచ్చిన దానను వచ్చినట్లే యుంటిని. మోదుగనీరు నీటిని త్రాగు నూలునే వెదకును. నేను నీరు త్రాగుదానను గాను.

అప్పుడు మేనమామ పాలిస్టరు బట్టలకు వేయు రంగుపొడిని తెచ్చెను. 1920ల దశకమున ఎసిటేటు పట్టునకు పత్తిరంగులు పట్టకపోగా రసాయనవేత్తలు సిద్ధపరచిన డిస్పర్స్ రంగుల జాతి యది. నీటిలో కరగక సన్నని నలుసులుగా తేలుచు, వేడికి ప్లాస్టిక్కు సడలినప్పుడు దాని దేహములోనికే చొచ్చుకొనిపోవును. పాలియురిథేనుతో చేసిన నావంటివానికి ఈ యోగము కలదు. పాలిథీన్ వంటి చవక ప్లాస్టిక్కుతో చేసిన మా దాయాదులను ఎంత ఉడికించినను సరిగా రంగు పట్టదు.

బాలుడు స్టిక్కరు కాగితములో దుప్పి ఆకారమును కత్తిరించి తీసివేసి, మిగిలిన కాగితమును నాపై అంటించి, మరుగుచున్న పసుపురంగు నీటిలో నన్ను బోర్ల పడవేసెను. పైకి తీసి చూడగా నా కష్టములన్నియు ఒక్కసారిగా కానవచ్చినవి. స్టిక్కరు అంచు లేచినచోట రంగు పాకి దుప్పికి ఐదవకాలు మొలిచెను. నా క్రింద చిక్కుకొనిన గాలిబుడగలు దాని మేనిపై తెల్లని చుక్కలైనవి. తొడమీద, నా అంచునకు చేరువగా, బాలుని బొటనవ్రేలి ముద్ర గీతగీతగా తెల్లగా నిలిచెను. అన్నిటికి మించి, మరుగునీటి వేడికి నా అంచు అప్పడమువలె వంకరపోయెను.

“తాతా, గీ రంగు మంచిది గాదే!” అని బాలుడు బిక్కమొగము వేసెను.

తాత పడుచువయసున నున్నప్పుడు వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులద్దినవాడు. ఆ జంపఖానాలకే 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆయన నన్ను వెలుతురులో అటునిటు త్రిప్పి చూచెను.

“రంగు దొంగలెక్క బిడ్డా. తలుపు మూసినకాడ రాదు, సందున్నకాడ ఆగదు. నూలునైతె ముందుగాల ఉడకబెట్టి జిడ్డు దీస్తుంటిమి. దీన్ని నువ్వు తుడిసినవా?”

తుడువలేదు. మరునాడు తాత చెప్పినట్లు గోళ్ళరంగు చెరుపు మందుతో నా మీది జిడ్డును తేలికగా తుడిచి, ఆపై అంచు పట్టుకొనియే నన్ను ఎత్తిరి. నాలుగుకాళ్ళ దుప్పిని క్రొత్తగా కత్తిరించి పాతదానిపై అంటించి, చెంచా వెనుకభాగముతో అంచులను రుద్దిరి. పసుపుపై నలుపెక్కును గాని నలుపుపై పసుపెక్కదు గనుక ఈమారు నల్లరంగు కలిపిరి. రంగునీటి గిన్నెను పొయ్యిమీదినుండి దించి వేడి తగ్గనిచ్చి, బుడగలు చిక్కకుండ నన్ను ఏటవాలుగా జార్చిరి. తీసిన పిదప వెచ్చగా నుండగనే రెండు చదునుబండల నడుమ నుంచి చల్లారనిచ్చిరి. ఆ గిన్నెను మరల వంటకు వాడరాదని తాత దానిని గొడ్లపాకలో పెట్టించెను.

ఐదవకాలు నలుపులో మునిగిపోయెను. బుడగలు చేసిన తప్పు చుక్కల దుప్పికి ఒప్పైనది. ఇప్పుడు నేను రాలినపూలపై పడినను దూరమునుండియే కానవత్తును. వ్రేలిముద్ర మాత్రము పోలేదు. బాలుడు నన్ను విసరునపుడు వాని బొటనవ్రేలు దానిపైననే ఆనును. మొదట ఆ ముద్రలో సరిగ్గా ఇమిడెడి ఆ వ్రేలు, ఈనడుమ దానిని పూర్తిగా కప్పివేయుచున్నది.