అంతరాయ యోగం

కోతల్లేవట. మీరూ చదివే ఉంటారు. రాష్ట్రంలో కరెంటు కోత అన్నదే లేదనీ, అక్కడక్కడా ఉన్నవి అంతరాయాలేననీ విద్యుత్ పెద్దాయన మొన్న మైకు ముందు ఒట్టేసినంత పని చేశారు. మా ఇంట్లో ఆ వార్త సగమే విన్నాం. మిగతా సగానికి అంతరాయం కలిగింది.

ముందు కోపమొచ్చింది. తర్వాత సెల్లు టార్చి వెలుగులో నిఘంటువు తీశాను. అంతరాయమంటే నడుమ వచ్చి అడ్డంపడేది. అక్కడితో ఊరుకోకుండా పతంజలి యోగసూత్రాల దాకా పోయాను. సమాధిపాదంలో ఆయన అంతరాయాలు తొమ్మిదని లెక్కగట్టి పెట్టాడు. అప్పుడు తెలిసింది, మనం ఊరికే తిట్టుకుంటున్నాం గానీ డిస్కం కంపెనీ కాదు, ఆశ్రమం.

మొదటిది వ్యాధి. మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒళ్లంతా నూనె కారుతుంది, మధ్యాహ్నానికి మూలుగు మొదలవుతుంది. రెండోది స్త్యానం, అంటే మనసు మొద్దుబారడం. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకుని కూర్చున్నవాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు. సంశయం అంటే "మీ ఇంట్లోనేనా, వీధంతానా?" అన్న సబ్‌స్టేషన్ ప్రశ్న. పతంజలి భాషలో ప్రమాదమంటే ఏమరుపాటు, మనకేమో తెగిపడ్డ తీగ. రెండూ ఒకటే, ఒకదాని వెనక ఒకటి వస్తాయంతే. ఆలస్యమంటే పాపం ఆయన సోమరితనమనుకున్నాడు. "లైన్‌మన్ బయల్దేరాడండీ" అని మనకి తెలుసు.

అవిరతి, కోరికలు చావకపోవడం, మాత్రం పూర్తిగా మన తప్పే. మే నెలలో ఫ్యాను అడగడమేమిటి? భ్రాంతిదర్శనానికి 24 గంటల సరఫరా హోర్డింగు చూడండి. అలబ్ధభూమికత్వం, అంటే తర్వాతి మెట్టు అందకపోవడం, చీకట్లో మేడ దిగుతూ నేను స్వయంగా సాధించాను, మోకాలు సాక్షి. చివరిది అనవస్థితత్వం. అందింది నిలవదు. "వచ్చిందోచ్!" అని పిల్లలు అరిచేలోపే పోతుంది. మా ఫీడరు సంగతి ఆయనకి ఎవరు చెప్పారో!

ఈ తొమ్మిదీ దాటినవాడికి సమాధి అని సూత్రకారుడి భరోసా. దాటలేకపోయినా సమాధేనని డిస్కం భరోసా.

ఇంతకీ పెద్దాయన ఆ మాటే ఎందుకు ఏరుకున్నారు? కోత అంటే కోసినవాడొకడు ఉండాలి. ఎవడు కోశాడు, ఎవరు కోయమన్నారు అని జనం అడుగుతారు. అంతరాయానికి ఆ బెడద లేదు. అది "ఏర్పడుతుంది", కడుపునొప్పి వచ్చినట్టు. పాత దూరదర్శన్ వాళ్లు కూడా అంతరాయానికి చింతిస్తున్నామనేవాళ్లు. చేసిందెవరో చెప్పకపోయినా, కనీసం చింతించడానికి మనుషులుండేవారు.

మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతోంది. కరెంటు పోతే ఆ మిషన్ కీచుమని అరుస్తుంది. మొన్న రాత్రి రెండున్నరకి అరిచింది. వాళ్లబ్బాయి సిలిండరు దొర్లించుకొచ్చాడు, నేను టార్చి పట్టుకున్నాను. చేతులు వణికి పానా రెండుసార్లు జారిపడింది. ఆవిడ పెదాలు నల్లబడుతున్నాయి. ఫోన్ ఎంగేజ్. దీన్ని అంతరాయం అనమంటారా? అననండీ. ఆవిడ గొంతు మీద ఎవరో కాలు పెట్టారు, వాళ్ల హోదా ఏమిటో చెప్పండి.

24 గంటలూ సరఫరా ఇవ్వాలనీ, ప్రమాణాలు తప్పితే పరిహారం దానంతటదే జమ కావాలనీ 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో రాసుంది. మా వీధిలో ఒక్క బిల్లులోనూ ఆ జమ నేను చూడలేదు. బిల్లు గడువు దాటితే మాత్రం నిచ్చెనేసుకుని మనిషి వస్తాడు. పేరు, నంబరు సరిచూసుకుని మరీ తీగ కట్ చేస్తాడు. దాన్ని ఎవరూ అంతరాయం అనరు.