కుర్చీ పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలము

ఆ. కుర్చిలోనఁ గూలి గోంగూర బువ్వతో
మెడను వంచి తెరకు మీదుకట్టి
లేవకుండువాడు లిఫ్టుతోఁ బైకేగి
నడుము నొప్పియనుచు నలువఁ దూఱు

(పద్యమూ టీకాకారుడిదే. టీక రాయాలన్న కోరిక ముందు పుట్టింది, మూలం తర్వాత పుట్టింది.)

ప్రతిపదార్థము

కుర్చిలోనన్ = కుర్చీయందు (గణాల కోసం దీర్ఘం తగ్గింది; అసలు తగ్గవలసింది ఎత్తు, పాదాలు రెండూ నేలకు ఆనేంతవరకు); కూలి = కూలబడి; గోంగూర బువ్వతోన్ = పచ్చడన్నముతో సహా, అనగా భోజనమునకును లేవక; మెడను వంచి = తెర పై అంచు కంటి ఎత్తున లేనందున తల వేలాడదీసి; తెరకున్ మీదుకట్టి = ఆ మెడను ముడుపుగా సమర్పించి; లేవకుండువాడు = సుగమము; లిఫ్టుతోన్ పైకేగి = ఒక్క అంతస్తుకును లిఫ్టెక్కి; నడుము నొప్పి అనుచున్; నలువన్ = వెన్నుపూసలు పేర్చిన బ్రహ్మను; దూఱు = నిందించును.

తాత్పర్యము

చేసింది తాను, తిట్టింది దేవుణ్ణి.

విశేషములు

లేవనివాడు పైకి పోవడం విరోధాభాసము. లిఫ్టుతో పరిహారము.

"గోంగూర ఏం పాపం చేసింది?" అని శంక. ఏమీ చేయలేదు. నేరం బువ్వది, అందులోనూ రాశిది. హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలం నాటిది. దాని కింద రోజంతా బురదలో వంగి నాట్లు వేసి వచ్చినవారికి ఎంత అన్నం పెట్టారో, ఆ పక్కనే ఆదిబట్లలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏసీ గదిలో కూర్చుని వచ్చిన మనవడికీ అంతే పెడుతున్నాం. పొలం పని పోయింది, ముద్ద పరిమాణం పోలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. కాబట్టి గోంగూర పప్పుగా వస్తే గరిటెతో, పచ్చడిగా వస్తే వేలికొసతో అని అన్వయించుకోవాలి.

పద్యానికి ప్రాణం "లేవకుండు" అన్న మాట. దీనికి పూర్వాచార్యుల సమ్మతి ఉంది. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1713 నాటి గ్రంథంలోనే లేఖకుల రోగాలకు మూడు కారణాలు చెప్పాడు: ఎడతెగని కూర్చోవడం, చేతిని ఒకేలా ఆడించడం, తప్పు దొర్లకూడదన్న మనసు ఒత్తిడి. ఈకకలం పోయి మౌసు వచ్చినా జాబితా మారలేదు.

ఆ తర్వాతివాడు బ్రిటిష్ వైద్యుడు జెర్రీ మోరిస్. లండన్ రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్లకంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో చూపించాడు. "డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే లావుగా ఉన్నారేమో" అని పూర్వపక్షం. అదీ నిజమే. యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తిరగేసి ఆ సంగతిని మూడేళ్ల తర్వాత బయటపెట్టింది కూడా మోరిస్ బృందమే. తన సిద్ధాంతానికి తానే ఎసరు పెట్టుకున్న ఇలాంటి ఆచార్యుణ్ణి నమ్మవచ్చు. ఇబ్రహీంపట్నం వెళ్లే సాగర్ రోడ్డు బస్సులో కిక్కిరిసిన జనం మధ్య టికెట్లు కొట్టే కండక్టరమ్మను చూసినప్పుడు, ఆమె కష్టం మాట అటుంచి, ఆమె పిక్కలను చూసి మాత్రం సాఫ్ట్‌వేర్ కవి అసూయపడాలి.

"ఖరీదైన కుర్చీ కొంటే?" అని మరో శంక. వెన్నుకు ఆనిక, మోచేతులకు ఆసరా దొరుకుతాయి, మంచిదే. కానీ సుఖమైన కుర్చీలో మనిషి ఇంకా ఎక్కువసేపు కూర్చుంటాడు. దానికంటే లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా ఒక కీబోర్డు తగిలించుకోవడం చవక. లీటరు సీసా మాని చిన్న గ్లాసు పెట్టుకుంటే నీళ్లకోసమైనా గంటకోసారి లేవక తప్పదు. తాగిన నీళ్లు మరోసారి లేపుతాయి.

పాఠపరిష్కరణ: మూడో పాదంలో "లిఫ్టుతోఁ" తీసి "మెట్లతోఁ" అని దిద్దితే గణాలు సరిపోతాయి, యతి చెడుతుంది. చెడనివ్వండి.