గీత గీతను దాటరాదు

పోచంపాడ్ వైపు ఏ హైస్కూలుకైనా వెళ్లండి, బయాలజీ సారు ఎవరని అడగక్కర్లేదు. నల్లబల్లే చెబుతుంది. లెక్కల సారు వెళ్లిపోయాక బల్ల అంగడి లేచిపోయిన మైదానంలా ఉంటుంది. తెలుగు సారు బల్ల మీద తేదీ తప్ప మరొకటి కనిపించదు. ఈయన బల్ల మాత్రం పెళ్లిపందిరి. రంగు చాక్‌పీసుల డబ్బా బీరువాలో తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. కణం పాఠం రోజున డబ్బా బయటికొస్తుంది. మోచేతిని బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో సున్నా చుడతారు. చాక్‌పీసు బయల్దేరిన చోటికే తిరిగొచ్చి కలిసినప్పుడు ఎనిమిదో తరగతి మొత్తం అబ్బో అనాలి. అనకపోతే చెరిపి మళ్లీ చుడతారు. ఆ తర్వాత కేంద్రకానికి ఎరుపు, హరితరేణువుకు ఆకుపచ్చ, మైటోకాండ్రియాకు నారింజ. భాగాల పేర్లకు గీసే గీతలు స్కేలుతోనే గీయాలి, బాణం గుర్తు పెట్టకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, గీత గీతను దాటకూడదు. దాటితే అరమార్కు పోయినట్టే. వంకర బొమ్మ కనబడితే ఆయన నోటి నుంచి ఏటా వచ్చే మాట ఒకటే: "ఏందిరా ఇది, కేంద్రకమా, ఆమ్లెట్టా?"

సైన్సు చెప్పమంటే డ్రాయింగు చెప్తున్నడని ఊళ్లో ఈయన మీద ఒక నింద ఉంది. నిజానికి డ్రాయింగు సారు ఖాళీ ఉన్న బడిలో బొమ్మల పోటీ, రిపబ్లిక్ డే ముగ్గులు, గోడ మీద నినాదాలు అన్నీ ఈయన నెత్తినే పడతాయి. 2020 జాతీయ విద్యావిధానం కళను పాఠాలతో కలిపి చెప్పమన్నప్పుడు, కలిపి ఎన్నేళ్లయిందో అనుకుని మీసం దువ్వుకున్న జాతి ఇది. నా లెక్కలో నింద తలకిందులుగా ఉంది. ఈయన బొమ్మ ఎక్కువ చెప్పడం లేదు, తక్కువ చెబుతున్నారు. కణశాస్త్రం పుట్టిందే చూసి గీసే చేతుల్లో. 1665లో బెరడు ముక్కలో గదుల్ని చూసి కణం అనే మాటను శాస్త్రానికిచ్చిన రాబర్ట్ హుక్, కుర్రతనంలో లండన్‌లో ఒక చిత్రకారుడి దగ్గర పని నేర్చుకోబోయినవాడు. సూక్ష్మదర్శిని పట్టిన లీవెన్‌హుక్‌కు కన్నుంది గాని చెయ్యి తిరగదు. అందుకే బొమ్మలు గీసేవాణ్ని విడిగా పెట్టుకున్నాడు. స్పెయిన్ దేశపు కహాల్ చిత్రకారుడవుతానంటే డాక్టరైన తండ్రి ఒప్పుకోలేదు. ఆ కుర్రాడే పెద్దయ్యాక ఇటలీ వాడు గాల్జీ కనిపెట్టిన రంగుపూతతోనే నాడీకణాల్ని గీశాడు. గాల్జీకి అవన్నీ కలిసిపోయిన వలలా కనిపించాయి, కహాల్‌కు దేనికది విడిగా కనిపించింది. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు, తగవు మాత్రం తీరలేదు. చివరికి కహాల్ చెప్పిందే నిలిచింది. మన సారు బల్ల మీద దోసెల దొంతరలా గీసే గాల్జీ సంక్లిష్టం ఆ గాల్జీదే. దొంతర వస్తుంది గాని తగవు రాదు.

అసలు లోపం అక్కడుంది. ఈయన గీసేది కణాన్ని కాదు, పుస్తకంలోని పటాన్ని. పిల్లలు గీసేది సారు పటాన్ని. అలా ఏళ్ల తరబడి తాంబూలంలా చేతులు మారిన ఆ కణం ఏ చెట్టులోనూ కనబడదు. దానికి మందం ఉండదు కాబట్టి కణమంటే అప్పడమని పిల్లలు స్థిరపడిపోతారు. ఉల్లిపొరలో కేంద్రకం ఎర్రగా కనిపించేది మనం వేసిన సాఫ్రనిన్ వల్లనని, రంగు మనదేనని ఎవరూ చెప్పరు. విడ్డూరం ఏమిటంటే, సంక్రాంతి దాటాక ఆర్మూర్ ప్రాంతమంతా పసుపు తవ్వకాలే. హుక్‌కు బెరడు దొరికితే ఈ పిల్లలకు ఇంటి ముందు కుప్పలున్నాయి. పచ్చి పసుపు కొమ్మును పలచగా కోసి చూస్తే పిండిరేణువులు నిండిన కణాలు, వాటి మధ్య అక్కడక్కడ పచ్చటి నూనె నింపుకున్న కణాలు కనిపిస్తాయి. అయోడిన్ చుక్క పడగానే పిండి నీలినలుపుకు తిరుగుతుంది. ఉడకబెట్టిన కొమ్మును కోస్తే ఆ రేణువులు ఉబ్బి, ముద్దగట్టి, పసుపురంగు అంతటా పాకి ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన గీసిన పిల్ల, తండ్రి పసుపును ఉడికించి నిజామాబాద్ యార్డుకు ఎందుకు తీసుకెళ్తాడో సగం తెలుసుకున్నట్టే.

మరి మార్కుల సంగతో, అని అడుగుతారు. పటం గీసి భాగాలు గుర్తించమన్న ప్రశ్నకు పసుపుకొమ్ము గీస్తే దిద్దేవాడు సున్నా పెడతాడన్న భయం ఉత్తుత్తిది కాదు. పరీక్ష కోసం ఆ అప్పడమూ గీయనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. పెళ్లికి పట్టుబట్ట ఉన్నట్టు అదీ ఒకటి ఉండాలి. బడి మొత్తానికి ఒకే సూక్ష్మదర్శిని, అదీ రంగు చాక్‌పీసుల బీరువాలోనే కదా అంటారు. కొమ్మును కోసి అయోడిన్ వేసి రంగు మారడం చూడ్డానికి ఏ దర్శినీ అక్కర్లేదు. లోపలి గదులు చూడాలంటే మను ప్రకాశ్ బృందం 2014లో లోకానికి చూపిన మడతకాగితపు సూక్ష్మదర్శిని ఉంది, దానికి తాళమే లేదు. ఇక మూడో మాట కాస్త గట్టిది: చూసి రాయడమే కళకు ఓనమాలు, గోదావరి దాటితే నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాషీలు తాతల నమూనాలే దించుతారు కదా? దించుతారు. కాని పొణికి చెక్కతో జామపండు చేసిన తాత, మొదట చెట్టు మీది జామపండును చూశాడు. మన నమూనాకు ఆ చెట్టు లేదు.

అయినా ఈయనలో కళాకారుడు ఒక్క చోట పుస్తకాన్ని దాటి బయటికొస్తాడు. కణత్వచం దగ్గరికి రాగానే గొంతు మారుతుంది. "కణత్వచమంటే మన పోచంపాడ్ ప్రాజెక్టు రా! 42 గేట్లు. కాకతీయ కాలువకు ఎంత, లక్ష్మికి ఎంత, సరస్వతికి ఎంత, లెక్క ప్రకారమే ఇడుస్తది." ఈ బొమ్మ పుస్తకంలో లేదు, ఆయనదే. పోలిక అక్కడక్కడ కారుతుంది. డ్యాము గేటుకు ఇంజనీరు కావాలి, కణత్వచం తన పని తనే చూసుకుంటుంది. పైగా గేటు ఎత్తితే నీటితోపాటు ఏదైనా పోతుంది. వెనక బెంచీ వాడు చేపల సంగతేంటని అడిగే పోలిక మంచి పోలిక. అడిగిన రోజున సారు చాక్‌పీసు ఆపి, ఒక్క క్షణం తన కణాన్ని తనే కొత్తగా చూస్తారు. అంతలో గంట కొడతారు. బల్ల కింద "చెరపరాదు" అని రాసి, పక్కన సంతకం పెట్టి వెళ్లిపోతారు. తర్వాతి పీరియడ్ సోషల్ సారు మిగిలిన మూలలో భారతదేశాన్ని ఇరికిస్తారు. కన్యాకుమారికి చోటు చాలక అది కణద్రవ్యంలోకి దిగుతుంది.