పది రెట్ల కన్ను

నేను భూతద్దాన్ని. చూసినదాన్ని పది రెట్లు పెద్దది చేసి చూపడం నా పని. స్టీలు గూట్లోకి మడుచుకునే నన్ను నల్లతాడుతో మెడలో వేసుకుని తిరిగే మాస్టారు ఒకరు అంచెట్టిలో ఉన్నారు. వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నన్ను కంటికి ఆనించి, మొక్కను అంగుళం దూరానికి తెస్తే తప్ప నా చూపు నిలవదు.

ఆ అంగుళంలో నేను ఎక్కువగా చూసింది గలిజేరు. వానలు పడగానే రాగిచేల గట్ల మీదా, వంక ఒడ్డు ఇసుకలోనూ నేలకు పరుచుకుంటుంది. ఎర్ర గలిజేరు, తెల్ల గలిజేరు అని ఇంటిపేరు ఒకటేగానీ కుటుంబాలు వేరు. ఎర్రది, అంటే అటికమామిడి, కాగితంపూలకు చుట్టం. ఎండలకు పైభాగమంతా మాడిపోయినా, వాన తగలగానే వేరు నుంచి చిగురిస్తుంది. వైద్యులు పునర్నవ అనేది దీన్నే. తెల్లదేమో దక్షిణాఫ్రికా ఎడారుల్లో విరివిగా పెరిగే కండ ఆకుల మొక్కల కుటుంబం. ఈ రెండూ చాలవన్నట్టు, అమెరికా ఖండపు వేడి నేలల నుంచి వచ్చిన నిటారు అటికమామిడి దారుల పక్కన నిలబడింది. అది ఎర్రదానికి తోడబుట్టిన చెల్లెలే. అసలు చిక్కు అక్కచెల్లెళ్లను పోల్చుకోవడంలోనే.

పువ్వు చూసి చెప్పబోతే మోసపోతారు. అది రెండు మూడు మిల్లీమీటర్లే. పైగా అందులో రేకులే లేవు. రంగుగా కనిపించేది రక్షకపత్రాల గొట్టం. దాని పైభాగం రాలిపోతుంది, కిందిభాగం గట్టిపడి గింజకు తొడుగవుతుంది. ఆ తొడుగును నా కిందికి తెచ్చినప్పుడే ఎవరు ఎవరో తేలుతుంది. అటికమామిడి తొడుగు గద ఆకారంలో ఉంటుంది, తల గుండ్రన, ఒంటి మీద అయిదు గట్లు, వాటి మీద జిగురు బొట్లు మోసే గ్రంథులు. నేను చూసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ బొట్ల మెరుపే. నిటారుదాని తొడుగు తలను కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది. నున్నగా ఉంటుంది. జిగురు చుక్క కూడా ఉండదు.

తెల్ల గలిజేరుకు నా అవసరమే అంతగా లేదు. ఆకు కండగా ఉంటుంది, పువ్వు ఆకు మొదట్లోని ఒరలో ఒంటరిగా కూరుకుని ఉంటుంది. కాయ మూతలా ఊడుతుంది, ఆ మూత ఒక గింజను తనతోనే పట్టుకుపోతుంది.

చేలో కూరాకు కోసే అవ్వ ఒకసారి మాస్టారితో అంది: "ఆ అద్దం ఎందుకు నాయినా? నా చీర అంచు సూడు. అంటుకునిందేమో కూరాకు, అంటనిది ఆవులకు."

"సరిగ్గా అదే అవ్వా, ఇదిగో చూడు," అని మాస్టారు నన్ను ఆమె చేతికిచ్చారు. చీరకు పట్టిన కాయను ఆమె చాలాసేపు చూసింది. ఆమె వేలికి తెలిసినదీ, నేను చూపిందీ ఒకటే జిగురు.

లిన్నేయస్ 1753లో అటికమామిడి ప్రజాతిని అచ్చులోకి తెచ్చినప్పుడు లైడెన్ వైద్యుడు బోయెర్‌హావే పేరు వాడాడు. మన వైపు మొక్కలకు గ్యాంబుల్ 1915లో మొదలుపెట్టిన మదరాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథాన్ని, ఆయన పోయాక ఫిషర్ 1936లో పూర్తిచేశాడు. గ్రంథం ఏదైనా ఈ అక్కచెల్లెళ్ల దగ్గర కాయను అడక్క మానదు. కాలిఫోర్నియా, అరిజోనా ఇసుకల్లో ఊదా రంగు పరిచే అబ్రోనియాలూ అటికమామిడి కుటుంబమే. ఒంటికి ఇసుక అంటించుకుని బతుకుతాయి. అక్కడా జాతిని తేల్చేది కాయ రెక్కల తీరే. అందుకే కాయ లేని కొమ్మను మాస్టారు కాగితాల మధ్య నొక్కిపెట్టరు.

ఇదంతా ముచ్చట కోసం కాదు. పునర్నవ పేరుతో మందుల అంగళ్లకు వెళ్లే వేళ్లలో తెల్ల గలిజేరు కలుస్తుంటుంది. ఎండి ముక్కలైన వేరును తేల్చడం నా ఒక్కదాని వల్ల కాదు, మైక్రోస్కోపు కావాలి. వేరు తవ్వేవాళ్లు కనిపించినప్పుడల్లా మాస్టారు, ప్రతి కట్టకూ కాయలున్న కొమ్మ ఒకటి జతచేసి కట్టమంటారు. కొందరు కడుతున్నారు. ఆ కట్టలు చేతికి రాగానే మాస్టారు ముందు నన్ను గూట్లోంచి తీస్తారు.