నేను బ్యాలెట్ పెట్టెను

నేనొక ఉక్కు పెట్టెను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, సియాటిల్ నగరం, బాలార్డ్ పేటలో నా కాపురం. బరువు దాదాపు అర టన్ను. ఎవరూ కదిలించలేనట్టుగా నన్ను కాంక్రీటులో బోల్టులతో బిగించారు. కవరు పట్టేంత సన్నటి నోరు, గట్టి తాళం, నంబరు వేసిన సీలు, ఇవే నా ఆస్తులు.

మా కింగ్ కౌంటీలో 2009 నుంచి ఓట్లన్నీ పోస్టు పద్ధతిలోనే. 2011లో రాష్ట్రమంతటికీ అదే చట్టమైంది. ఎన్నికకు 18 రోజుల ముందే బ్యాలెట్లు ఇళ్లకు బయలుదేరతాయి. ఓటరు తీరిగ్గా ఇంట్లో కూర్చుని చదువుకుని, నచ్చిన పేరు పక్కన గుర్తు పెట్టి, కవరు మీద సంతకం చేస్తాడు. స్టాంపు అక్కర్లేదు, పోస్టులో వేయవచ్చు. లేదంటే నా దగ్గరికి తెచ్చి వేయవచ్చు.

ఒక ఆగస్టు సాయంత్రం ఇద్దరు తెలుగువాళ్లు వచ్చారు. కొడుకు ఇక్కడి పౌరుడు, తండ్రి గుంటూరు నుంచి చూసిపోవడానికి వచ్చిన పెద్దాయన.

“ఇదేనట్రా మీ పోలింగ్ బూత్? క్యూ లేదు, ఏజెంట్లు లేరు, వేలికి సిరా లేదు. వేసింది నువ్వేనని వాళ్లకెలా తెలుస్తుంది?”

“సంతకం నాన్నా. రెంటన్‌లోని ఎన్నికల ఆఫీసులో నా పాత సంతకంతో పోల్చి చూస్తారు. తేడా వస్తే సరిచేసుకోమని నాకే కబురు చేస్తారు.”

“ఇంతకీ ఇది దేనికి ఎన్నిక?”

“సిటీ కౌన్సిల్‌కి. ఇది మొదటి విడత, ప్రైమరీ అంటారు. ఎవరు నిలబడాలో మన దగ్గర బీ-ఫారం ఇచ్చే పార్టీ పెద్దలు తేలుస్తారు కదా. ఇక్కడ కౌన్సిల్ బ్యాలెట్ మీద పార్టీ పేరే ఉండదు. ఇద్దరి కంటే ఎక్కువ మంది నిలబడితే ఆగస్టులో ఓటర్లే వడపోస్తారు. ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి ఇద్దరే నవంబరు దాకా వెళతారు.”

“కౌన్సిలరు కోసం రెండుసార్లా!”

“మా కరెంటు, నీళ్ల చార్జీలు ఖరారు చేసేది వాళ్లే నాన్నా. ఏ వీధిలో ఎన్ని అంతస్తులు కట్టొచ్చో, పోలీసులకెంత, పార్కులకెంత కేటాయించాలో తేల్చేదీ ఆ తొమ్మిది మందే.”

పెద్దాయన కవరు అందుకుని, సంతకం ఉందో లేదో చూసి మరీ కొడుకు చేతికిచ్చాడు. ఓటంటే ఆయనకున్న గౌరవం నాకు ఆ చూపులోనే తెలిసింది.

ఆ తొమ్మిది మందిలో ఏడుగురు డిస్ట్రిక్టుల నుంచి, ఇద్దరు నగరమంతటి నుంచి ఎన్నికవుతారు. 2013లో ఓటర్లే ఈ పద్ధతి కావాలన్నారు, 2015లో అమలైంది. ఆ ఏడాది నవంబరులోనే మొదటి డిస్ట్రిక్టులో లీసా హర్బోల్డ్ 39 ఓట్ల తేడాతో గెలిచారు. అలాగే 2024 ఆగస్టు ప్రైమరీలో రాష్ట్ర ప్రభుత్వ భూముల కమిషనర్ పదవికి రెండో స్థానం ఎవరిదో తేలడానికి, రాష్ట్రమంతటా పడ్డ లక్షలాది ఓట్లను చేతులతో మళ్లీ లెక్కించాల్సి వచ్చింది. డేవ్ అప్‌దగ్రోవ్ 49 ఓట్ల తేడాతో ఆ స్థానం దక్కించుకుని, నవంబరులో పదవే గెలిచారు. ఆగస్టులో ఆ కొద్ది ఓట్లు అటు పడి ఉంటే నవంబరు బ్యాలెట్ మీద ఆయన పేరే ఉండేది కాదు.

నా బాధంతా ఆగస్టు గురించే. నవంబరులో, అందులోనూ అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో, నా కడుపు నిండుతుంది. కౌన్సిల్ ప్రైమరీకి మాత్రం నమోదైన ఓటర్లలో సగం మంది కూడా బ్యాలెట్ పంపరు. ఎండాకాలం సెలవులు, ఊరి ప్రయాణాలు, ‘అసలు ఎన్నిక నవంబరులో కదా’ అన్న ధీమా. కొందరు ఇంట్లో ఉండిపోతే, మిగిలిన కొందరే అందరి తరఫునా వడపోత కానిచ్చేస్తారు. నవంబరులో ‘ఈ ఇద్దరూ నచ్చలేదు’ అనే మాట నా పక్కనే నిలబడి చాలామంది అంటుంటే విన్నాను. నచ్చినవాళ్లు ఆగస్టులోనే ఓడిపోయి ఉండవచ్చు.

ఈ వడపోతను మెరుగుపరచాలని 2022లో సియాటిల్ ఓటర్లు ఒక మార్పుకు ఒప్పుకున్నారు. దాని ప్రకారం 2027 నుంచి సిటీ ప్రైమరీలో అభ్యర్థులకు మొదటి ఎంపిక, రెండో ఎంపిక అంటూ వరుస ఇవ్వవచ్చు. పద్ధతి ఏదైనా, కవరు నా నోట్లో పడితేనే దానికి విలువ.

ఆఖరి రోజు మంగళవారం రాత్రి నాకెంతో ఇష్టం. కార్లు వరుస కడతాయి, సైకిళ్ల మీద, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని జనం వస్తారు. ఎనిమిది కొట్టే వేళకు వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరి కవరూ తీసుకున్నాకే నా నోరు మూస్తారు. ఇద్దరు సిబ్బంది కలిసి వచ్చి, నన్ను ఖాళీ చేసి, బ్యాలెట్లను రెంటన్‌కు తీసుకెళతారు. ఒక్కరే వచ్చి నన్ను తెరవడానికి వీల్లేదు. ఆ జాగ్రత్త చూస్తే నా ఉద్యోగం మీద నాకెంతో గర్వం.

బాలార్డ్‌లో ఉన్నా, పక్క ఊరు బెల్‌వ్యూలో ఉన్నా, ఓటు హక్కున్న తెలుగువాళ్లకు నేను చెప్పేదొక్కటే. మీ వీధి గురించి నిర్ణయించే మనుషుల్ని మీరే ఎంచుకోవాలంటే ఆగస్టు బ్యాలెట్ నింపండి, సంతకం చేయండి, గడువులోగా తెచ్చి నాలో వేయండి. మీ ఓటు భద్రంగా చేర్చే పూచీ నాది.