నిక్కరేసుకున్న సిపాయి

మా ఇంట్లో ఇనప బీరువాలో, మా ఆవిడ ధర్మవరం చీరల పక్కన ఓ తుపాకి ఉంటుంది. మా తాతయ్యది. ఆయన పోయాక ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు నా పేర తెచ్చుకున్నాను. ఒప్పేసుకుంటున్నాను, ఈ చేత్తో దోమని తప్ప ఏ ప్రాణినీ చంపినవాణ్ణి కాదు. దోమల్లోనూ సగం తప్పించుకుపోతాయి.

అయినా నెలకో ఆదివారం దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని నూనె రాస్తాను. "మనవరాలికి తలంటమంటే నడుం నొప్పన్నారు" అంటుంది మా ఆవిడ. చీరలకి నూనె వాసన పట్టి, పెళ్ళిళ్ళలో అందరూ తనని మిషను కుట్టే మనిషనుకుంటున్నారని ఆవిడ ఇంకో ఫిర్యాదు.

తుపాకి గొప్పేమిటో ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి ఎక్కదు. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన సిపాయిల త్రీ నాట్ త్రీ ఉందే, ఆ లీ ఎన్‌ఫీల్డుకి గొట్టం మూతిదాకా చెక్క తొడుగు ఉంటుంది. కొసన బాయొనెట్ తగిలించే ఏర్పాటు. వేటకి ఆ బరువెందుకని ముందు చెక్క కోసేసి, బాయొనెట్ సరంజామా పీకేస్తే, ఫుల్ ప్యాంటు కత్తిరించి నిక్కరు కుట్టినట్టు, షికారు తుపాకి తయారు. యుద్ధాలయ్యాక మిగిలినవాటిని విదేశాల్లో చవగ్గా కొని ఇలాగే కోసుకున్నారు. మన దగ్గర అది కుదర్లేదు. సైన్యం వాడే గుండు జనం చేతిలో పడకూడదని త్రీ నాట్ త్రీ మీద నిషేధం. అందుకని ఆ ఎముకలకే .315 గొట్టం బిగించి అమ్మారు. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిందీ అదే. మా తుపాకీ ఆ జాతిదే. తమాషా ఏమిటంటే, ఆ .315 గుండు పుట్టింది ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో! సొంత సైన్యం గుండు ముట్టుకోవద్దని, పరాయి సైన్యం గుండు చేతిలో పెట్టారన్నమాట.

ఇదంతా విని మా ఆవిడ, "పాత పట్టుచీర చించి మనవరాలికి పరికిణీ కుట్టాను. నేనేమైనా ఉపన్యాసాలిచ్చానా?" అంది.

తాతయ్య దాన్ని బుట్టాయగూడెం అడవుల్లో తిప్పాడట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో ఆయన వేట ముగిసింది. నా చేతికొచ్చేసరికి మిగిలింది నూనె రాయడమే.

పోయినేడాది మా మొక్కజొన్నలో అడవి పందులు పడ్డాయి. అనుమతి లేకుండా కాల్చకూడదని నాకు తెలుసు. ఆ సంగతి పందులకి తెలీదన్న ధీమాతో, గుండ్లు ఇంట్లోనే ఉంచి, ఖాళీ తుపాకి భుజానేసుకుని మంచె ఎక్కాను. టార్చిలైటుతో మా ఆవిడ తోడొచ్చింది. అర్ధరాత్రి చేలో గురగుర వినపడగానే బోల్టు లాగి తోశాను. ఆ 'ఠక్ ఠక్' అంటే నాకు ప్రాణం. పందులు తలెత్తి చూసి, మళ్ళీ కంకుల మీద పడ్డాయి. ఈలోగా మా ఆవిడ క్యారేజీ మూత మీద గరిటెతో నాలుగు వాయించింది. మంద మొత్తం తోక ముడిచింది.

"డబ్బా కొడితే పోయేదానికి ఈ డాబెందుకండీ?" అంది దిగుతూ.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ కూసింది. లైసెన్సు తుపాకులు అప్పగించమన్నారు కదా, పోలీస్ స్టేషన్లో ఇచ్చి, రసీదు తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. జూన్‌లో ఫలితాలొచ్చాక గానీ అది ఇల్లు చేరలేదు. తను పుట్టింటికెళ్తే ఇంత బెంగ పడలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మొన్న నేను పొలం నించి వచ్చేసరికి వంటింట్లో బుడబుడమని చప్పుడు. సింకు గొట్టంలో కూరుకుపోయిన మునగ పిప్పిని మా ఆవిడ పొడిచి పొడిచి లాగుతోంది. చేతిలో ఉన్నది నా తుపాకి గొట్టం తుడిచే ఇత్తడి కమ్మీ! నోట మాట రాలేదు. నీళ్ళు గలగలా దిగిపోయాయి.

"ఇన్నేళ్ళకి దీంతో ఓ పనైందండీ" అంది, కమ్మీ కడుగుతూ.

ఆ కమ్మీ మళ్ళీ బీరువాకెక్కలేదు. వంటింట్లో అట్లకాడ పక్కన మేకుకి వేలాడుతోంది. ఆదివారం తుపాకి తుడవాలంటే ఆవిణ్ణడిగి తెచ్చుకుని, పనయ్యాక కడిగిచ్చేస్తున్నాను.